ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి మాట వినాలి?

మేము ఉపాధ్యాయులం, వైద్యులం కాము. అయినా అత్యవసర వైద్యం గురించి రాయడానికి పూనుకున్నామంటే దానికి కారణం మా బడిలో జరిగిన ఒక సంఘటన. ముందు అది చెప్పి ఆ తరువాత పాఠంలోకి వెళతాము.

కొన్నేళ్ళ క్రితం మాట. ఉదయం ప్రార్థన ముగిసింది, పిల్లలు వరుసల్లో తరగతులకు వెళుతున్నారు. మా లెక్కల మాస్టారు స్టాఫ్ రూమ్ మెట్లెక్కుతూ ఒక్కసారిగా కూలిపోయారు. మేము పద్నాలుగు మందిమి చుట్టూ చేరాము. ఒకరు ముఖం మీద నీళ్ళు చల్లారు. ఒకరు పరీక్ష అట్టతో విసిరారు. ఫిట్స్ అనుకుని ఒకరు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. "ఎవరైనా 108కి ఫోన్ చేయండి" అని నలుగురు అరిచారు. ఆ "ఎవరైనా" ఎవరో ఎవరికీ తెలియదు. ఆరేడు నిమిషాలు గడిచాక చూసుకుంటే ఒక్కరూ చేయలేదు!

మా అటెండరు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. పూర్వం ఒక ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. "ఊపిరి ఆడట్లేదు సార్, ఛాతీ నొక్కాలంట, మాకు ఫ్యాక్టరీలో బొమ్మ మీద చూపించారు" అన్నాడు. మెల్లగా, ఒక్కసారే అన్నాడు. "నువ్వు పక్కకు జరుగు, నీళ్ళు పట్టుకురా" అన్న జవాబు వచ్చింది. ఆ మాట మా నోటి నుంచే వచ్చింది. అతను వెళ్ళి నీళ్ళు తెచ్చాడు.

చివరకు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చాము. డ్యూటీ డాక్టరు చూసి రెండు ప్రశ్నలు అడిగారు: "పడిపోయి ఎంతసేపయింది? ఎవరైనా ఛాతీ నొక్కారా?" మొదటిదానికి తలా ఒక లెక్క చెప్పాము. రెండోదానికి ఎవరమూ మాట్లాడలేదు. మాస్టారు అప్పటికే లేరు. ఛాతీ నొక్కితే బతికేవారని మేము అనడం లేదు, ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ పద్నాలుగు మంది బి.ఎడ్. చదివినవాళ్ళం, గుండెకు నాలుగు గదులని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాళ్ళం. తెలిసిన ఒక్క మనిషిని మాత్రం నీళ్ళకు పంపాము. ఆ తరువాత దొరికిన పుస్తకం, దొరికిన వ్యాసం చదువుతూ వచ్చాము. అందులో తేలినదే ఈ వ్యాసం.

ముందుగా ఒక తేడా. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండె కండరానికి రక్తం అందించే నాళం మూసుకుపోతే అది గుండెపోటు. అప్పుడు మనిషికి నొప్పి ఉంటుంది, చెమట పడుతుంది, చాలామంది మాట్లాడుతూనే ఉంటారు. గుండె ఆగిపోవడమంటే రక్తాన్ని తోసే పనే నిలిచిపోవడం. మనిషి పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు. లేదా ఎగశ్వాస ఉంటుంది: ఆగి ఆగి, నోరు తెరిచి, గాలి మింగినట్టు. ఆ ఎగశ్వాసను చూసే చాలామంది "ఊపిరి ఉందిలే" అని మోసపోతారు. మేమూ అలాగే మోసపోయామేమో! ఇక కాలం సంగతి. ఏ సాయమూ అందకపోతే నిమిషం గడిచేకొద్దీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుందని వైద్యులు లెక్కగట్టారు. మాకు పోయిన ఆరేడు నిమిషాలను ఆ లెక్కలో వేసి చూడండి.

ఛాతీ నొక్కే పద్ధతి మరీ పాతదేమీ కాదు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు దీన్ని ప్రకటించారు. వారిలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, విద్యుత్ ఇంజనీరు. కుక్కల మీద కరెంటు షాక్ ప్రయోగాలు చేస్తుండగా, షాక్ ఇచ్చే పలకలను ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు కాస్త పెరగడం నికర్‌బాకర్ కంట పడింది. ఆ చిన్న గమనిక నుంచే ఈ విద్య పుట్టింది. అంతకు ముందు గుండె ఆగితే ఛాతీ కోసి, చేత్తో గుండెను పట్టి పిండేవారు. అదే కాలంలో పీటర్ సఫార్ అనే మత్తు వైద్యుడు నోటితో ఊపిరి ఊదే పద్ధతి పనిచేస్తుందని రుజువు చేశాడు. తరువాత ఈ రెండూ కలిశాయి. నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లేర్డల్ ఈ విద్య నేర్పడానికి నిలువెత్తు మనిషి బొమ్మను చేశాడు. మా అటెండరు ఫ్యాక్టరీలో చూసినది బహుశా అలాంటి బొమ్మనే.

పద్ధతి తెలిసింది. మరి తెలిసినంత మాత్రాన ప్రాణాలు నిలిచాయా? ఇక్కడే మా వృత్తికి సంబంధించిన సంగతి మొదలవుతుంది. జ్ఞానం వేరు, నైపుణ్యం వేరు అని బి.ఎడ్.లో మనం మొదట నేర్చుకునే పాఠమే. అయితే వైద్య పరిశోధకులు ఇంకొక మెట్టు పైకి వెళ్ళారు. ఒక్కొక్కరికీ నైపుణ్యం ఉన్నా, అందరూ కలిసి పనిచేసే నైపుణ్యం వేరే ఉంటుందని, దాన్ని ప్రత్యేకంగా నేర్పాలని కనిపెట్టారు. దీనికి మాకు బాగా నచ్చిన ఉదాహరణ డెన్మార్క్‌ది.

1952 వేసవిలో కోపెన్‌హాగెన్ నగరాన్ని పోలియో ముంచెత్తింది. జబ్బు చేసినవారిని బ్లెగ్డామ్ ఆసుపత్రికి తెచ్చేవారు. ఊపిరి కండరాలు చచ్చుబడితే మనిషిని లోపల పడుకోబెట్టే పెద్ద ఇనుప పెట్టె లాంటి యంత్రం ఒకటే దిక్కు. అలాంటివి ఆ ఆసుపత్రిలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. తొలి వారాలలో ఊపిరి దెబ్బతిన్న 31 మందిలో 27 మంది మూడు రోజులలోపే చనిపోయారు. ప్రధాన వైద్యుడు లాసెన్ పెద్ద పేరున్నవాడు. ఆయన కింద పనిచేసే బ్యోర్నెబో అనే వైద్యుడు, బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుణ్ణి పిలిచి ఒకమాటు సలహా అడుగుదామన్నాడు. అంటువ్యాధుల వార్డులో మత్తు డాక్టరుకు పనేమిటి? ఆపరేషన్ గదే ఆయన లోకమని అప్పటివారి అభిప్రాయం. లాసెన్‌కు అంతగా ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడమే ఈ కథలో కీలకమని మాకు తోస్తుంది.

ఇబ్సెన్ వచ్చి, చనిపోయినవారి వివరాలు చూసి, వాళ్ళకు ఊపిరి చాలడం లేదని, దేహంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతోందని చెప్పాడు. ఆగస్టు 27న 12 ఏళ్ళ అమ్మాయి మీద తన పద్ధతి చూపాడు. గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పంపడమే ఆ పద్ధతి. ఆ అమ్మాయి బతికింది. మరి మిగిలినవారికి? రాత్రింబవళ్ళు సంచి నొక్కే చేతులెక్కడివి? వైద్య విద్యార్థులను పిలిచారు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని సంచి నొక్కారు. కొన్ని నెలల్లో, ఊపిరి దెబ్బతిన్నవారిలో మరణాలు 87 శాతం నుంచి సుమారు 25 శాతానికి దిగాయి. నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఉన్న ఐ.సి.యు.కు అక్కడే బీజం పడింది. 1953 చివరిలో ఇబ్సెన్ కోపెన్‌హాగెన్‌లోనే మరో ఆసుపత్రిలో అలాంటి వార్డును స్థిరంగా నెలకొల్పాడు.

ఆ విద్యార్థులకు డాక్టరు పట్టా లేదు. చదువు ఇంకా సగంలోనే ఉంది. ప్రాణం నిలిపింది ఆ చేతులే. పైవాడు కిందివాడి సలహా విన్నాడు, పక్క విభాగం వాడికి తలుపు తెరిచాడు, పని వంతులు వేసుకున్నారు. ఈ మూడూ జరిగాయి కాబట్టి పద్ధతి పనిచేసింది.

ఈ మూడూ జరగకపోతే ఏమవుతుందో ప్రపంచం విమానాల ద్వారా నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం పైకి లేవడానికి పరుగు మొదలుపెట్టినప్పుడు, అందులోని ఫ్లైట్ ఇంజనీరుకు అవతలి విమానం ఇంకా దారిలోనే ఉందేమోనని సందేహం వచ్చింది. అడిగాడు. కెప్టెన్ గట్టిగా కొట్టిపారేశాడు. ఆ కెప్టెన్ తన సంస్థలో అందరికీ పాఠాలు చెప్పే సీనియరు. ఇంజనీరు రెండోసారి అడగలేదు. 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక సదస్సు పెట్టి, విమాన ప్రమాదాలలో యంత్ర లోపం కన్నా మాట లోపం ఎక్కువగా ఉందని చర్చించింది. చిన్నవాడు సందేహాన్ని ఎలా బయటపెట్టాలి, పెద్దవాడు ఎలా వినాలి అన్నదాన్ని పైలట్లకు శిక్షణగా మార్చారు.

ఆసుపత్రులకు ఈ పాఠం ఆలస్యంగా చేరింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోని డేవిడ్ గాబా అనే మత్తు వైద్యుడు 1980ల చివరిలో నకిలీ ఆపరేషన్ గది కట్టి, అందులో బొమ్మ రోగిని పడుకోబెట్టి, ఉన్నట్టుండి ప్రమాదం సృష్టించి, జట్టు ఏం చేస్తుందో చూడడం మొదలుపెట్టాడు. అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఏం జరిగిందో వాళ్ళ చేతనే చెప్పించేవాడు. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. బి.ఎడ్.లో మనందరినీ వణికించిన సూక్ష్మ బోధన గుర్తుందా? ఐదు నిమిషాల పాఠం, వెనక బెంచీలో పరిశీలకుడు, తరువాత విమర్శ, మళ్ళీ పాఠం. అది కూడా 1960ల మొదట్లో అదే స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. మొక్కుబడిగా చేసి మార్కులు వేయించుకుని వదిలేశాం గానీ, అందులోని సారం ఇదే. తప్పు చేయడానికి ప్రమాదం లేని చోటు కల్పించి, అక్కడ తప్పు చేయనివ్వడం.

ఈ శిక్షణ ఎందుకు అవసరమో ఇంగ్లాండులో 2005 మార్చిలో జరిగిన ఒక ఘటన చెబుతుంది. మార్టిన్ బ్రోమిలీ అనే పైలట్ భార్య సైనస్‌కు మామూలు ఆపరేషన్ కోసం చేరింది. మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం పోలేదు, మాస్కుతోనూ ఊపిరి అందలేదు. ముగ్గురు అనుభవజ్ఞులైన డాక్టర్లు పక్కనే ఉన్నారు. వారు గొట్టం వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. సుమారు 20 నిమిషాల పాటు ఆమె రక్తంలో ఆక్సిజన్ 40 శాతానికి దిగువనే ఉంది. అలాంటప్పుడు గొంతుకు రంధ్రం చేయాలి. ఒక నర్సు ఆ పరికరాలు తెచ్చి, సిద్ధంగా ఉన్నాయని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొక నర్సు ఐ.సి.యు.లో మంచం కావాలని ఫోన్ చేసింది. అతి చేస్తున్నావన్నట్టు చూపులు రావడంతో దాన్ని రద్దు చేసింది. 13 రోజుల తరువాత ఆమె చనిపోయింది.

ఇది చదువుతూ మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాము. ఆ నర్సు తెచ్చిన పరికరాల పళ్ళెం, మా అటెండరు తెచ్చిన నీళ్ళ చెంబు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. ఆమె చేతిలో ఉన్నది సరైనదే. అతని చేతిలోని చెంబు మేము పెట్టింది.

బ్రోమిలీ డాక్టర్లను శిక్షించమని అడగలేదు. విమానం కూలితే కారణం వెతికినట్టే దీనికీ కారణం వెతకమన్నాడు. స్వతంత్ర విచారణ జరిగింది. నర్సులకు ఏం చేయాలో తెలుసు, ఎలా చెప్పాలో తెలియలేదన్నదే అందులో ఆయనకు తేలిన సారం. 2007లో ఆయన వైద్యులను, మనస్తత్వ పరిశోధకులను, పైలట్లను కలిపి ఒక బృందాన్ని స్థాపించాడు. ఆ డాక్టర్లు తిరిగి విధుల్లో చేరి తమ అనుభవాన్ని తోటివారికి చెప్పడమే తనకు కావాలన్నాడు. అంత పెద్ద మనసు మనకుందా అని ప్రశ్నించుకున్నాము.

సరే, నేర్పితే ఫలితం ఉంటుందా? 2000లో ప్రచురితమైన ఒక సర్వేలో, కిందివారి మాట వినని పెత్తనం తగదని 97 శాతం పైలట్లు, 94 శాతం ఐ.సి.యు. సిబ్బంది అన్నారు. సీనియర్ సర్జన్లలో ఆ మాట అన్నవారు 55 శాతమే. బోధనా వృత్తిలో ఇలాంటి సర్వే పెడితే మన అంకె ఎంత వస్తుందో ఊహించడం మాకు ఇష్టం లేదు. తరువాత అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 74 చోట్ల ఆపరేషన్ జట్లకు కలిసి పనిచేసే శిక్షణ ఇచ్చాయి. 34 చోట్ల ఇంకా ఇవ్వలేదు. 2010లో పోల్చి చూస్తే, శిక్షణ పొందిన చోట శస్త్రచికిత్స మరణాలు 18 శాతం తగ్గాయి, పొందని చోట 7 శాతం తగ్గాయి.

మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనోవోస్ట్ చేసిన పని మరీ ఆసక్తికరం. ఐ.సి.యు.లో పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేస్తారు. దాని ద్వారా సూక్ష్మజీవులు చేరి రోగులు చనిపోతుంటారు. చేతులు కడుక్కోవడం, చర్మం శుభ్రం చేయడం, రోగిని పూర్తిగా కప్పడం, తొడ దగ్గర వీలైనంతవరకు వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం, ఇవే ఆయన చెప్పిన ఐదు పనులు. వీటిలో కొత్తది ఒక్కటీ లేదు. కొత్తదల్లా ఏమిటంటే, డాక్టరు ఏదైనా మెట్టు దాటేస్తే "ఆగండి" అనే అధికారం నర్సుకు ఇచ్చారు. నూరుకు పైగా ఐ.సి.యు.లలో ఇది అమలైంది. ప్రతి వెయ్యి గొట్టపు రోజులకు 2.7గా ఉన్న మధ్యగత సంఖ్య మూడు నెలల్లో సున్నాకు చేరింది. ఇది 2006లో ప్రచురితమైంది.

అలాగని ఒక కాగితం అంటిస్తే చాలునా? చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదికి ఒక సరిచూసుకునే పట్టిక తయారుచేసింది. కోతకు ముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలన్నది కూడా అందులో ఒకటి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో ప్రయత్నిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఆ ఉత్సాహంలో కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశారు. 101 ఆసుపత్రులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణాల మీద వాదోపవాదాలున్నాయి. మా అనుమానం మాత్రం ఒకటే. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు రాత్రి కూర్చుని రాసిన పాఠ్య పథకాలు మనకు తెలియనివా? టిక్కులన్నీ ఉంటాయి, పాఠం ఉండదు.

ఇక ఇంటి సంగతికి వద్దాం. 108 సేవ మొదలైంది మన దగ్గరే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో. తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. కానీ బండి ఎంత వేగంగా వచ్చినా, ఫోన్ చేసిన క్షణం నుంచి అది వచ్చేదాకా రోగి పక్కన ఉండేది మనమే. రోడ్డు ప్రమాదంలో సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామనే భయానికి ఇప్పుడు తావు లేదు. సాయం చేసినవారికి రక్షణగా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణలోనూ ఆ రక్షణ చేరింది.

మళ్ళీ డెన్మార్క్‌కే వెళ్ళాలి. 2005 నుంచి అక్కడ బడి పిల్లలకు ఛాతీ నొక్కే విద్యను తప్పనిసరి చేశారు. డ్రైవింగ్ లైసెన్సు కోరేవారికీ పెట్టారు. ఆసుపత్రి బయట గుండె ఆగినప్పుడు పక్కనున్నవారు చేయి వేసిన సందర్భాలు 2001లో 21.1 శాతం, 2010లో 44.9 శాతం. నెల రోజుల తరువాత బతికున్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఇదంతా ఒక్క బడి పాఠం వల్లేనని పరిశోధకులు అనలేదు, అంబులెన్సులూ ఆసుపత్రులూ కూడా ఆ కాలంలో మెరుగయ్యాయి. అయినా ఉపాధ్యాయులకు ఇంతకన్నా ఏం కావాలి? 12 ఏళ్ళ వయసు నుంచి ఏడాదికి రెండు గంటలు ఈ పాఠానికి ఇవ్వాలనే ప్రతిపాదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించింది. ఏడాదికి రెండు గంటలు! క్రీడా దినోత్సవానికి ముగ్గు వేయడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మా బడిలో మేము చేసినది చిన్న ప్రయత్నం. బొమ్మ కొనే స్తోమత లేదు. దర్జీ దగ్గర గట్టి దిండు కుట్టించాము, లోపల కొబ్బరి పీచు, గుడ్డ పేలికలు. తొమ్మిదో తరగతి పిల్లలు. ఒక డాక్టరు గారు వచ్చి ఒక పూట నేర్పారు. పిలిచి భుజం తట్టాలి, పలక్కపోతే, ఊపిరి సరిగా లేకపోతే వెంటనే మొదలుపెట్టాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికి కనీసం రెండు అంగుళాల లోతు, 2.4 అంగుళాలు దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊదడం రాకపోయినా ఫరవాలేదు, నొక్కడం మాత్రం ఆపకూడదు. రెండు నిమిషాలకు చేతులు మారాలి, ఎందుకంటే అలసిన చేయి తనకు తెలియకుండానే లోతు తగ్గిస్తుంది. మేము స్వయంగా ప్రయత్నించి చూశాము. యాభై దాటిన భుజాలకు ఒకటిన్నర నిమిషమే ఎక్కువ!

తరువాత జట్టు పని. "ఎవరైనా" అనే మాటను మా బడిలో నిషేధించాము. వేలు చూపి, పేరు పెట్టి చెప్పాలి. "నువ్వు 108కి ఫోన్ చెయ్యి, ఏమన్నారో వచ్చి నాకు చెప్పు." విన్నవారు "108కి నేను చేస్తున్నాను" అని తిరిగి అనాలి. చేశాక "చేశాను, బయలుదేరింది" అనాలి. డాక్టర్లు దీన్నే ముడి పడిన సంభాషణ లాంటి పేరుతో నేర్పుతారట. మాకు హాజరు పిలుపు గుర్తొచ్చింది. పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" వినబడేదాకా టిక్కు పెట్టము కదా! ఒకరు గేటు దగ్గర నిలబడి బండికి దారి చూపాలి. ఒకరు గడియారం చూసి నిమిషాలు పైకి చెప్పాలి. ఒకరు గుంపును దూరంగా ఉంచాలి. ఆఫీసు గోడ మీద ఒక అట్ట తగిలించాము. అందులో బడి చిరునామా, దగ్గరి గుర్తు, ఏ రోడ్డు నుంచి లోపలికి రావాలో ఉంటాయి. కంగారులో సొంత బడి చిరునామా కూడా నోటికి రాదని మాకు అనుభవమే.

అసలు పరీక్ష రెండో వారం వచ్చింది. మేము దిండు మీద నొక్కి చూపిస్తున్నాము. మూడో వరుసలోని అమ్మాయి లేచి నిలబడి, "సార్, మీరు చేయి పూర్తిగా పైకి తీయట్లేదు. ఛాతీ లేవట్లేదు సార్" అంది. గది నిశ్శబ్దమైంది. పిల్లలందరూ మా ముఖంలోకే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు నోటి దాకా వచ్చింది: "కూర్చో." అది మింగడానికి ఎంత కష్టపడ్డామో మాకే తెలుసు. చేతుల కేసి చూసుకున్నాము. ఆ అమ్మాయి చెప్పింది నిజమే, అలసిపోయి బరువంతా దిండు మీదే ఉంచేశాము. "నువ్వు వచ్చి చూపించు" అన్నాము. వచ్చి చూపించింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాము. జట్టులో నొక్కేవారి ఎదుట ఒకరు కూర్చుని తప్పు చెబుతూ ఉండాలి, వారు వయసులో చిన్నవారై ఉండాలి. చెప్పినది ఒకసారి వినబడకపోతే రెండోసారి పేరు పెట్టి పిలిచి చెప్పాలి. అప్పటికీ వినకపోతే "ఆపండి" అనాలి.

ఇది రాసినంత తేలిక కాదు. ఒక తల్లి వచ్చి, "మా వాడు ఇంట్లో వాళ్ళ నాన్నకే తప్పులు చెబుతున్నాడు, ఇదేం చదువు సార్?" అని అడిగింది. జవాబు చెప్పడానికి తడబడ్డాము. మర్యాదకు, మౌనానికి మధ్య గీత ఎక్కడ గీయాలో మాకింకా పూర్తిగా తెలియలేదు. మా తోటి టీచర్లలో ఇద్దరు ఈ తరగతికి ఇప్పటికీ రారు. తరగతిలో క్రమశిక్షణ పోతుందని వారి వాదన, దాన్ని మేము తేలిగ్గా తీసేయడం లేదు.

మా అటెండరును కూడా పిలిచాము. మొదటి రోజు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆనాటి మాట మేమే ఎత్తి, అందరి ముందు, "ఆ రోజు నువ్వు చెప్పింది మేము వినలేదు" అన్నాము. అతను ఏమీ అనలేదు. కాసేపయ్యాక వచ్చి దిండు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. మోచేతులు నిటారుగా, లెక్క తప్పకుండా. మా అందరికన్నా అతనిదే సరైన పట్టు. ఇప్పుడు కొత్త పిల్లలకు మొదటి రోజు చూపించేది అతనే. జూన్‌లో బడి తెరిచే లోపు దిండు మళ్ళీ కుట్టించాలని, ఈసారి ఇంకాస్త గట్టి గుడ్డ వేయించమని, పాతది మధ్యలో చిరిగిపోయిందని మొన్ననే గుర్తుచేశాడు.